నాలుగో అంతస్తులో పుట్టిల్లు

అనకాపల్లికి నేను పట్టుకెళ్లిన సామాను ఇది: రెండు జతల బట్టలు, రసమట్టం, గోడలనూ టైల్స్‌నూ తట్టి చూసే చిన్న ఇనుప కడ్డీ, తేమ కొలిచే పరికరం, టేపు, టార్చి. వీటిలో ప్రయాణానికి పనికొచ్చేది ఒక్కటీ లేదని రైల్లో తెలిసింది. దుప్పటి మరిచిపోయాను. పక్క బెర్తు పెద్దాయన జాలిపడి తన తువ్వాలు ఇచ్చాడు, దిగేటప్పుడు అడిగి మరీ వెనక్కి తీసుకున్నాడు.

కొత్తగా కట్టిన ఇళ్లలో లోపాలు వెతకడం నా ఉద్యోగం. హైదరాబాదులో ఫ్లాటు కొన్నవాళ్లు తాళాలు తీసుకునే ముందు మాలాంటివాళ్లను పంపుతారు. ఎక్కడ టైలు కింద బోలుగా ఉంది, ఎక్కడ బాత్రూము వాలు తప్పింది, ఏ స్విచ్చు పనిచేయదు, ఇవన్నీ చూసి చెబుతాం. నాతో చదువుకున్న శ్రీను అనకాపల్లివాడు. పుణెలో పనిచేస్తూ సొంతూళ్లో ఒక ఫ్లాటు కొన్నాడు. ఆదివారం గృహప్రవేశం.

"బావా, నువ్వోసారి వెళ్లి చూసిరా. మా అమ్మకి టైల్సు మెరిస్తే చాలు, అంతా బాగుందనేస్తుంది," అన్నాడు ఫోనులో.

నేను నంద్యాలవాణ్ణి. మా వైపు బావ అంటే అక్క మొగుడో మేనత్త కొడుకో కావాలి. అనకాపల్లి వైపు మగవాళ్లు మగవాళ్లను ఊరికే బావ అని పిలుచుకుంటారని శ్రీను వల్లే తెలుసు. గురువారం పొద్దున దిగి ఆదివారం దాకా ఉన్నాను.

స్టేషను నుంచి హైవే దాకా

స్టేషను బయట బండి దగ్గర ఇడ్లీ తిన్నాను, ప్లేటు ముప్పై రూపాయలు. సాంబారు తియ్యగా ఉంది. మా ఇంట్లో సాంబారు ఇలా ఉంటే మా అమ్మకు జ్వరమొచ్చిందేమోనని నుదురు పట్టుకు చూస్తాం. బండి ఆవిడకు ఆ మాటే చెప్పాను.

"బెల్లం ఊరొచ్చి కారం అడిగితే ఎలాగ బాబూ? ఇదిగో, నంజుకో," అని నిజంగానే ఒక పచ్చిమిరపకాయ తెచ్చి ప్లేటులో పెట్టింది.

ఆటో అతను దారి పొడవునా ఊరిని తానే కట్టించినట్టు చూపించాడు. బంగారం కొట్లు, కార్ల షోరూము, అద్దాల ఆసుపత్రి. "జిల్లా అయిపోనాది కదండి. ఇంక మా ఊర్ని పట్టలేం," అన్నాడు. పరవాడ మందుల ఫ్యాక్టరీలకు వెళ్లే కంపెనీ బస్సులు వరసగా ఎదురయ్యాయి. లోపల అందరూ నిద్రపోతున్నారు. తలలన్నీ ఒకే పక్కకు వాలి ఉన్నాయి, బస్సంతా కలిసి ఒకే కల కంటున్నట్టు. హైవే పక్కన చెరకు తోట, దాని గట్టు మీద లేత పసుపు రంగు అపార్టుమెంటు, దాని వెనక ఇంకా పిల్లర్లుగానే ఉన్న రెండో బ్లాకు. పొగమంచు ఇంకా విడలేదు. ఆ పసుపు భవనం నేలను తాకకుండా తేలుతున్నట్టు కనిపించింది.

నాలుగో అంతస్తు

లిఫ్టుకు ఆ పూట కరెంటు లేదు. మెట్లెక్కి వెళితే శ్రీను ఫ్లాటు తలుపు తెరిచే ఉంది. హాలు మా నంద్యాల ఇల్లంత ఉంది. మా ఇంటి నేల నాపరాయి. వేసవిలో దానిమీద చెంప ఆనించి పడుకునేవాళ్లం. ఇక్కడి తెల్ల టైల్సులో కిటికీలు, ఆకాశం, నేను, అందరం తలకిందులుగా ఉన్నాం.

ఒక్కో టైలూ తట్టుకుంటూ లోపలి గదిలోకి వెళ్లాను. అక్కడ కిటికీలోంచి పడుతున్న ఎండ చట్రంలో, పరిచిన సిమెంటు సంచుల మీద ఒక అమ్మాయి నిద్రపోతోంది. నిండు గర్భిణి. ఒక చెయ్యి చెంప కింద, ఇంకో చెయ్యి కడుపు మీద. గోడవార ఒక ట్రంకుపెట్టె, మడిచిన చీరలు, దువ్వెన. నేను కడ్డీ పైకెత్తి అలాగే నిలబడిపోయాను.

"ఎవురు బాబూ?" వెనకనుంచి గొంతు. చేతిలో అన్నం గిన్నెతో ఒకావిడ.

"ఇల్లు చూడ్డానికి వచ్చానమ్మా. ఓనరు పంపాడు."

"సూడండి బాబూ, సూడండి. రోజూ తడిగుడ్డెట్టి తుడుత్తన్నాను. ఒక్క గీత పడినా నన్నడగండి. ఆదోరానికి కాళీ సేసెత్తాం." గిన్నె దించి, నిద్రపోతున్న అమ్మాయిని చూపించింది. "మా లచ్చిమి అండి. తొలి కానుపు. పురుటికి పుట్టింటికొచ్చింది."

ఆవిడ పేరు నూకరత్నం. భర్త దేముడు ఈ అపార్టుమెంటు కట్టడం మొదలైనప్పటి నుంచి వాచ్‌మేన్. ప్లానులో వాచ్‌మేన్‌కు మెట్ల కింద ఒక గది ఉంది. అందులో కరెంటు పెట్టెలు బిగించారు. అందుకని వీళ్లు అమ్ముడుపోని ఫ్లాటులోనో, ఓనరు ఇంకా రాని ఫ్లాటులోనో ఉంటారు. ఒకటి నిండితే ఇంకోదానికి మారతారు. అపార్టుమెంటంతా నిండాక ఊళ్లో ఇంకో కొత్తదానికి వెళతారు. లక్ష్మి నడక నేర్చిన ఏడు గొలుగొండ వైపు పల్లె విడిచి వచ్చినప్పటి నుంచి ఇదే పద్ధతి.

ఇళ్లలో పడుకుంటారు గానీ పొయ్యి వెలిగించరు. కొత్త ఇంట్లో మొదట పాలు పొంగించేది ఓనర్లు కావాలి కదా. నూకరత్నం కింద ఇసక కుప్ప పక్కన మూడు ఇటుకల మీద వండి, నాలుగంతస్తులు మోసుకొస్తుంది.

ఆ రోజు నా పనికి ఒక ఆటంకం వచ్చింది. కారుతుందో లేదో చూడడానికి బాత్రూము గొట్టానికి గుడ్డ కుక్కి, నేలంతా నీళ్లు నింపాను. మర్నాటిదాకా అలా ఉండాలి. అన్నం తిని వచ్చేసరికి నీళ్లు లేవు, నేల పొడిగా ఉంది. మా వృత్తిలో అంతకంటే భయంకరమైన దృశ్యం లేదు. కింద ఇంటి కప్పు చూద్దామని పరిగెత్తబోతుంటే నూకరత్నం ఎదురొచ్చింది.

"గొట్టం పూడుకుపోనాది బాబూ. ఎవుడో గుడ్డ కుక్కీసేడు. తీసీసేను, కంగారు పడకండి."

లక్ష్మి గోడకు చేరబడి కడుపు పట్టుకుని నవ్వింది. "అమ్మా, ఆ ఎవుడో ఈ బాబే," అంది.

బెల్లం, శొంఠి, పిప్పళ్లు

శుక్రవారం పొద్దున దేముడు బజారుకు వెళుతుంటే నేనూ వెళ్లాను. పొట్టిగా, మెల్లగా మాట్లాడే మనిషి. బెల్లం మార్కెట్టులో దిమ్మలు వరసలు కట్టి ఉన్నాయి. నల్లనివి, ఎర్రనివి, తేనె రంగువి. ఎవరు ఏది ముట్టుకున్నా వేళ్లు నాక్కుంటున్నారు. నేనూ నాకాను. బాలింతకు పెట్టే కాయం కోసం దేముడు చిన్న దిమ్మ ఒకటి కొన్నాడు. శొంఠి, పిప్పళ్లు మసీదు వీధిలో ఒక సాయిబు గారి కొట్లో తీసుకున్నాం.

"కాన్పు అయిందా, ఇంకా లేదా?" అడిగాడు సాయిబు గారు.

"రేపో మాపో అండి."

"అయ్యాక రావాల్రా, ముందే కాయం చేసి ఎవరు తింటారు, నువ్వా?" అంటూనే కాస్త ఎక్కువ తూచాడు.

దారిలో దేముడు అసలు సంగతి చెప్పాడు. బిడ్డ పుడితే పదకొండు రోజులు పురుడు. పురుడు ఉన్న ఇంట్లో గృహప్రవేశం చేయరు. కాబట్టి నొప్పులు మొదలైన నిమిషమే ఫ్లాటు ఖాళీ చేయాలి. మిగతావన్నీ నిండిపోయాయి. లక్ష్మిని నేరుగా అత్తవారింటికి పంపుదామంటే కుదరదు. తొలి బిడ్డతో పుట్టింట్లో నాలుగు రోజులైనా ఉండకుండా వెళితే, ఆ మాట పిల్ల బతికినన్నాళ్లూ పడాలి.

"మా వియ్యపురాలు పోలమ్మ మామూల్ది కాదు బాబూ. పెళ్లి మాటలప్పుడు మేవు పెద్ద బిల్డింగులో ఉన్నాం. నేలంతా పాలరాయి. మా కోడలి పుట్టిల్లు పేలస్ నాగుంటాదని గొలుగొండంతా సెప్పుకుంది. ఆదోరం పిల్లని సూడ్డానికొత్తాది." కొంత దూరం నడిచాక అన్నాడు, "ఏటి సూపించాలో తెలవట్నేదు."

తిరిగొచ్చేసరికి నొప్పులు మొదలై ఉన్నాయి. లక్ష్మి కింద ఇసక కుప్ప మీద కూర్చుని పళ్లు బిగబట్టి ఉంది. పక్కన ట్రంకుపెట్టె, చీరల మూట. నూకరత్నం పైనుంచి ఇంకా దిగలేదు.

"ఆటో వచ్చింది, ఏం చేస్తున్నారమ్మా?" అని మెట్ల మీంచి అరిచాను.

ఆవిడ వెనక్కి నడుస్తూ, పడుకున్న గది నుంచి గుమ్మం దాకా నేల తుడుచుకుంటూ వస్తోంది.

ఆసుపత్రి దారి

సందె చీకటి పడక ముందే ఆడపిల్ల పుట్టింది. నూకరత్నం అన్నం వండడానికి సైటుకు వచ్చింది. మళ్లీ వెళ్లేటప్పుడు క్యారేజీ నేను పట్టుకున్నాను. నడిచే వెళదామంది. ఊళ్లో దీపాలు వెలుగుతున్నాయి. పచ్చి చెరకు వాసన, పెట్రోలు వాసన, మల్లెపూల వాసన కలిసి వీధిలో కదులుతున్నాయి.

"అదిగో బాబూ, ఆ గులాబి రంగుది. మూడో అంతస్తు. మా లచ్చిమికి ఆ బాల్కనీలోనే అచ్చరాలు దిద్దించేను. పలకెందుకు, నేలంతా సిమెంటే. సుద్దతో రాసీసీది."

బాల్కనీలో ఇప్పుడు ఎవరో ఉయ్యాలబల్ల మీద కూర్చుని ఫోను చూసుకుంటున్నారు.

"ఆ అద్దాల్ది ఉన్నాది సూడండి. ఐదో అంతస్తులో పెద్దమనిసయింది. అప్పటికి అద్దాల్నేవు. గాలి ఇసిరి కొట్టీది. సీరలు కట్టి మూలన కూకోబెట్టేను. ఊరంతా కనిపించీది. పిల్ల దిగనంటే దిగనంది."

వీధి వెంట ఇలా సాగాం. ఒక ఇంట్లో లక్ష్మికి చెవులు కుట్టారు. ఒక ఇంట్లో దేముడికి పచ్చకామెర్లు తగ్గాయి. ఒక ఇంట్లో వానాకాలమంతా కిటికీలు లేక, ముగ్గురూ ఒకే గొడుగు కింద పడుకున్నారు. ఆవిడ చెబుతుంటే నాకు ఊరు రెండుగా కనిపించసాగింది. తెరలు, ఏసీలు, దీపాలు ఉన్న ఈ ఇళ్ల లోపల, తలుపులూ రంగులూ లేని పాత గదులు. వాటిలో ఒక చిన్నపిల్ల గది నుంచి గదికి, భవనం నుంచి భవనానికి నడుచుకుంటూ పెరుగుతోంది. ఒక్క ఇంటి లోపలికీ ఇప్పుడు వీళ్లకు దారి లేదు. ఒకచోట మాత్రం నూకరత్నం మాట ఆపి, రోడ్డు దాటి అవతలి పక్కకు వెళ్లిపోయింది. ఆ ఇల్లు దాటేదాకా తలెత్తలేదు.

పెళ్లి మాటలు జరిగిన భవనం గేటు దగ్గర ఆగింది. కొత్త వాచ్‌మేన్ కుర్చీలోంచి లేచాడు.

"ఎవురికోసం?"

"ఎవురికోసమూ నేదు. సూత్తన్నాను."

"సూడ్డానికేటుంది? సినిమా ఆడతందా?"

"మా పిల్ల పెళ్లి మాటలు అక్కడే ఆడేం అన్నా, రెండో అంతస్తులో."

అతను ఆవిణ్ణీ, చేతిలో క్యారేజీతో ఉన్న నన్నూ పైకీ కిందికీ చూశాడు. గొంతు మారింది, అక్కను పిలిచినట్టు పిలిచాడు. "మేవిప్పుడు మూడో అంతస్తులో ఉన్నాం అప్పా. వచ్చే నెల దాకా," అన్నాడు.

శనివారం, మూడు ఉపాయాలు

నాకు దొరికినవి మూడు. మొదటిది ఆసుపత్రి వరండాలో నూకరత్నానికి చెప్పాను. బాత్రూము కారుతోందని నేను ఒక్క మాటంటే చాలు, గృహప్రవేశం వాయిదా పడుతుంది.

ఆవిడ నా వైపు భయంగా చూసింది. "కారతందా?"

"లేదు. మళ్లీ నీళ్లు నింపి చూశాను."

"మరి నేని తప్పుకి ముహూర్తం సెడగొడతారేటి బాబూ? వాళ్ల ఇల్లు, వాళ్ల శుబం. అదీగాక బాత్రూం పాడైందంటే బిల్డరు ఎవుర్నంటాడు? మా ఈయన్నే."

రెండోది, ఉన్నదున్నట్టు చెప్పి గృహప్రవేశం వాయిదా వేయమని శ్రీనుకు ఫోను. "నాకేం పట్టింపు లేదు బావా," అన్నాడు. నిజంగానే లేదు. కానీ మా అమ్మకు నువ్వు చెప్పగలవా అని అడిగాడు. ముహూర్తం దాటితే మూఢం అన్నాడు. చివరకు, "పదకొండు రోజులు మంచి లాడ్జిలో గది తీయిద్దాం, నేను చూసుకుంటా," అన్నాడు.

ఈ మూడో ఉపాయం నాకు నచ్చింది. నూకరత్నం కూడా కాదనలేదు, మంచి బాబు అంది. పాపను ఒడిలో సర్దుకుని అడిగింది: "లాడ్జి పుట్టిల్లవుద్దా బాబూ?"

మధ్యాహ్నం దేముడూ నేనూ వెనకున్న బి బ్లాకు ఎక్కాం. గోడలు ఇంకా లేవటం మొదలుకాలేదు. పిల్లర్లు, వాటిమీద స్లాబులు, అంతే. మొదటి అంతస్తులో ఒక పక్క కప్పును మోసే సెంట్రింగు కర్రలు తీసేశారు. ఆ కప్పు పాతది, గట్టిపడింది. బీములు చూశాను, కప్పు తడి చూశాను. ఆ ఒక్క పక్క ఉండొచ్చని చెప్పాను. రెండో పక్కకు పోవద్దని తాడు కట్టాం. మెట్లకు రెయిలింగు లేదు, వెదుళ్లు కట్టాం. గాలి వచ్చే వైపు నీలం టార్పాలిన్ బిగించాం. పూడిమడక నుంచి చేపలు తెచ్చే ఆవిడ దగ్గర దేముడు బాలింతకు పాలు పడతాయని పాలసొర చేప కొనుక్కొచ్చి, ఎక్కడ పెట్టాలో తెలియక ఒక పిల్లరు నుంచి ఇంకో పిల్లరుకు తిరిగాడు.

"వంటిల్లు ఏ మూల వత్తాది బాబూ?" అని అడిగాడు. ప్లాను చూసి ఆగ్నేయం చూపించాను. వీళ్లు పొయ్యి వెలిగించరు కాబట్టి, సొర గిన్నె మాత్రం అక్కడ పెట్టాడు.

ఆదివారం

శ్రీను తెల్లవారుజామున దిగాడు. శ్రీను ఫ్లాటున్న బ్లాకు ముందు షామియానా, మామిడాకులు, సన్నాయి. ఇంట్లోకి మొదట నడవాల్సిన ఆవు మెట్ల దగ్గర మొరాయించింది. శ్రీను మామ, లిఫ్టు ఎక్కిద్దాం అన్నాడు. పంతులు గారు లిఫ్టు చూశారు, ఆవును చూశారు. చివరకు దూడను ఇద్దరు ఎత్తుకుని నాలుగంతస్తులు ఎక్కారు. అది దారంతా శ్రీను పట్టు పంచె నమిలింది.

పాలు పొంగాయి. అందరూ సంతోషంగా కేక పెట్టారు. నేనూ సంతోషించాను, అది మంచి ఇల్లు. పులిహోర, బూరెలు పెట్టారు. ఇక్కడి బూరెలో నెయ్యి పోయడానికి మధ్యలో బొటనవేలితో గుంట చేస్తారు, మేము చేయం. చేయాలి.

శ్రీను వాళ్ల అమ్మ నా పక్కన కూర్చుంది. "ఏటి నాయనా, లోపాలేవైనా ఉన్నాయా?"

"లేవమ్మా."

"నేల చూసేవా? అద్దంలా ఉంచేడు. బిల్డరు మంచోడే."

కిందినుంచి ఆటో హారను వినిపించింది. చేయి కడుక్కుని దిగాను.

ఆటోలో లక్ష్మి, ఒడిలో తెల్లగుడ్డలో పాప, పక్కన బుట్ట పట్టుకుని ఒక పొడవాటి ఆవిడ. పోలమ్మ. పొద్దున్నే బస్సు దిగి నేరుగా ఆసుపత్రికి వెళ్లిందట. ఆటో అతను షామియానా ముందు బ్రేకు వేశాడు.

"ఓలమ్మ, మనవరాలికి ఇంత పందిరేసేరేటి!" అంది పోలమ్మ.

ఆవిడ మొహం వెలిగింది. చీర సర్దుకుని దిగబోయింది.

"అటు కాదు," అంది వెనక బ్లాకు నుంచి ఎదురొచ్చిన నూకరత్నం. "ఇటు, ఇటు."

ఆటో సందులోంచి వెనక్కి వెళ్లింది. నూకరత్నం ముందు పరిగెత్తింది. లక్ష్మి తండ్రి భుజం పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కింది. పోలమ్మ పాపను ఎత్తుకుని వెనక. పైకి వచ్చి అందరం నిలబడ్డాం. పిల్లర్ల మధ్యనుంచి చెరకు తోట కనిపిస్తోంది. టార్పాలిన్ గాలికి నిండుతూ ఖాళీ అవుతూ ఉంది. పై అంతస్తు కొత్త స్లాబు మీద గట్టిపడేందుకు నిలబెట్టిన నీళ్లు అంచులోంచి బొట్లు బొట్లుగా జారి ఎండలో మెరుస్తున్నాయి. అవతలి నుంచి సన్నాయి.

పోలమ్మ ఒక చివర నుంచి ఇంకో చివర దాకా చూసింది.

"గోడలేవి వొదినా?"

"ఒత్తన్నాయి," అంది నూకరత్నం. "కడతన్నారు."

ఆవిడ చేతిలో పళ్లెం, పళ్లెంలో పసుపు, సున్నం కలిపిన ఎర్రనీళ్లు. బాలింతను, బిడ్డను గుమ్మం బయట నిలబెట్టి దిష్టి తీసి లోపలికి తీసుకోవాలి. ఆవిడ ఒక పిల్లరు దగ్గరకు వెళ్లింది, ఇంకోదాని దగ్గరకు వచ్చింది. నీళ్లు తొణికాయి. నా వైపు తిరిగింది.

"బాబూ, గుమ్మం ఎక్కడొత్తాది?"

నేను మెట్ల వైపు పిల్లరు నుంచి కొలిచాను. తూర్పు ముఖం. ఇటుక ముక్క తీసుకుని, రెండు పక్కలా ద్వారబంధం నిలబడే చోట గుర్తులు పెట్టి, మధ్యలో నేలమీద గీత గీశాను. నూకరత్నం కూర్చుని ఆ గీత పొడవునా పసుపు రాసింది, కుంకుమ బొట్లు పెట్టింది. పోలమ్మ పాపను లక్ష్మి చేతుల్లో పెట్టింది. నూకరత్నం పళ్లెం మూడుసార్లు తిప్పి, నీళ్లు బయటికి పారబోసింది.

లక్ష్మి అడుగు వేయబోయింది.

"ఆగే," అంది పోలమ్మ. "కుడికాలు. పుట్టింటికొచ్చినట్టు రా."

లక్ష్మి పాపను గుండెకు ఆనించుకుంది. నేలమీద ఉన్నది గీతే అయినా, గడప ఎంత ఎత్తు ఉంటుందో అంత ఎత్తుకు కాలెత్తి, దాటి, లోపలికి వచ్చింది.